నక్కో ఎవరి మాట?

ఇనుప రాడ్ మూడోసారి దిగేసరికి ఆసిం మోకాలు పటుక్కుమంది.

"నక్కో అన్నా, నక్కో..." చేతులు కట్టేసి ఉన్న ఆసిం వద్దు వద్దంటూ నేలమీద మెలికలు తిరిగిపోయాడు.

"ఇన్నరా సార్? గదే మాట," అన్నాడు బాలరాజు.

గుండ్లపోచంపల్లిలో హైవే పక్కన అతని గోదాము. షట్టర్ సగం దించి ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న సుధాకర్ సార్ శామీర్‌పేట హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల మాటలు రికార్డు చేసి నిఘంటువు రాస్తున్నాడు. బాలరాజు ఆయన దగ్గర చదువుకున్నవాడే. పొద్దున్నే కారు పంపి పిలిపించాడు.

"బిడ్డ ఎట్లుంది సార్?"

"గట్లనే. ఇంక లేస్తలేదు."

"గుద్దిన బండోడు దొరకకపాయె." బాలరాజు ఫోన్ తీశాడు. "ఇగ ఇది ఇనుండ్రి."

నాలుగు రోజుల కింద అతని తమ్ముడు వంశీని దూలపల్లి లేఅవుట్‌లో ఎవరో కొట్టి చంపారు. దెబ్బలు తింటూనే వంశీ జేబులో చెయ్యి పెట్టి అన్నకు ఫోన్ కలిపాడు. ఆ కాల్ రికార్డయింది.

లారీల మోత. వంశీ ఏడుపు. "తప్పైంది. దావఖాన ఖర్చంత నేనే పెట్టుకుంట. సంపకుండ్రి."

పళ్ల బిగువున ఒకే ఒక్క మాట వినిపించింది. "నక్కో."

తర్వాత ఎముక విరిగిన చప్పుడు. మళ్లీ. మళ్లీ.

"పోయిన నెల మావోడు తాగి గీని తమ్ముడు అదీబ్ కాలు ఇరగ్గొట్టిండు. దావఖాన అన్నది గందుకే. మాట సుత సాయిబులదే." బాలరాజు ఆసిం మెడ మీద బూటు పెట్టాడు. "గొంతు ఎవలదో మాకు సమజైతలేదు. మాటల సంగతి మీకన్న ఎవలకెరుక? మీరు అవునంటే ఈన్నే ఖతం. కాదంటే ఇడిసిపెడ్త."

"ఇంకోసారి పెట్టు," అన్నాడు సార్.

పెట్టాడు.

"ఇంకోసారి."

మూడుసార్లు విన్నాక ఆయన ముఖం పాలిపోయింది. రాడ్ పట్టుకున్న బాలరాజు మనిషి అన్వేష్ నీళ్ల బాటిల్ అందించాడు. ఆయన తాగలేదు.

"ఇది అసలు మరాఠీ మాట," అన్నాడు మెల్లగా. "వాళ్లు నకో అంటరు. కొంకణిల నాకా. మన దక్కన్ ఉర్దూలకు వచ్చినంక క మీద ఒత్తు పడ్డది. ఢిల్లీ సాయిబునడుగు, గసొంటి మాటనే మాకు లేదంటడు."

"పాఠం వద్దు సార్. గీడా, కాదా?"

సార్ లేచాడు. అన్వేష్ చేతిలోంచి రాడ్ తీసుకుని బరువు చూశాడు. ఉన్నట్టుండి రెండు చేతులా ఎత్తి అన్వేష్ తలకు గురిపెట్టి విసిరాడు.

"నక్కో సార్, నక్కో..."

అన్వేష్ గోడకు కరుచుకుపోయాడు. రాడ్ అతని చెవి పక్కనుంచి పోయి గోడ రేకును లోపలికి నొక్కేసింది.

తలకు అడ్డం పెట్టుకున్న అన్వేష్ మణికట్టుకు గండిమైసమ్మ గుడిలో కట్టించుకున్న ఎర్రదారం ఉంది.

"గీన్ని సుత సంపుతవా?" అడిగాడు సార్.

బాలరాజు ఆ దారాన్ని చూశాడు. ఆసిం మెడ మీంచి బూటు తీశాడు.

"కట్లిప్పుండ్రిరా."

"నాకు నోట్లకెళ్లి గట్లనే వచ్చిందన్నా," అని గొణిగాడు అన్వేష్.

"నోర్ముయ్." బాలరాజు సార్ వైపు తిరిగాడు. "మరి గాడెవడు సార్?"

"మాటను బట్టి మనిషిని పట్టలేం, బాలరాజూ. అందరి నోట్లె ఉన్నదే."

"మీరు రాకుంటే పొరపాటున గీని పానం తీద్దును."

ఆటో మాట్లాడి ఆసింను దవాఖానాకు సార్ తనే తీసుకెళ్లాడు. ఆసిం తల ఆయన ఒడిలోనే ఉంది.

"మీ మేలు మర్వ సార్."

"మాట్లాడకు. పండుకో."

ఆటో హైవే ఎక్కి, వంశీ బండి తన బిడ్డను గుద్దిన మలుపు దాటింది. ముప్పై ఏళ్లలో వందల మంది మాటలు రికార్డు చేసిన ఆయన, రికార్డింగ్‌లో తన గొంతు తాను వినడం అదే మొదటిసారి.