అయిదు వేళ్లు

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నది నాయనమ్మ, అమ్మ, బాబాయి, పిన్ని, పిన్ని చంకలో ఆరు నెలల పిల్లాడు. ఈ లెక్క చెప్పింది గుసగుస. మేడ మీద కిటికీ తెర వెనక నిలబడి, కింద వీధిలోంచి అరుస్తున్న ఫైర్ ఆఫీసరుకి చెప్పింది.

"గట్టిగా చెప్పమ్మా! ఇంట్లో ఎంతమంది?"

ఆమె గొంతు ఎప్పుడూ పెదాలు దాటి రాదు. అందుకే బాబాయి ఆమెకి గుసగుస అని పేరు పెట్టాడు. కొత్తవాళ్ల ముందైతే ఆ గుసగుస కూడా రాదు. తెర పక్కనుంచి చెయ్యి మాత్రం బయటికి చాపి, అయిదు వేళ్లూ చూపించింది.

"అయిదుగురా? సరే, ఒక్కొక్కరినీ కిందికి పంపు. ఒక్క స్విచ్ కూడా ముట్టుకోవద్దు. ఫోను తియ్యొద్దు. ఇంట్లో నిప్పన్నది ఉండకూడదు!"

వీధి మలుపులో గ్యాస్ ట్యాంకరు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. దాని పొట్ట కిందనుంచి తెల్లటి పొగ బుసకొడుతూ వస్తోంది. మామూలు పొగలా పైకి లేవడం లేదు. పాలు ఒలికినట్టు నేలబారుగా పాకుతూ, ఒక్కో గుమ్మాన్నీ తడుముకుంటూ వస్తోంది.

ముందు బాబాయి దిగాడు. దిగినవాడు తిన్నగా తన మోటారుసైకిలు దగ్గరికి పోయాడు.

"కొత్త బండండీ! ఒక్క నిమిషం, ఆ చివర పెట్టేసి వస్తా."

"కిక్కు కొట్టావంటే ఆ చివర దాకా నువ్వే ఎగిరిపోతావు, బండితో పనిలేకుండా" అన్నాడు ఆఫీసరు. తాళంచెవి లాగేసుకున్నాడు. ఫైర్‌మన్ ఒకతను బాబాయి రెక్క పుచ్చుకుని, గాలి వచ్చే వైపుకి లాక్కుపోయాడు.

"ఒకటి!"

పైన వంటింట్లో అమ్మ ముక్కు మూసుకుంది. "ఏమిటే ఈ కంపు!" అంటూ ఎగ్జాస్ట్ ఫ్యాను స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చింది. గుసగుస ఒక్క గెంతు గెంతి ఆ మణికట్టు పట్టుకుంది.

"వద్దు... నిప్పురవ్వ పుడుతుంది."

"ఆ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చుగా! గుండె ఆగిపోయింది నాకు."

పిన్ని చంకలోని పిల్లాణ్ణి అమ్మ అందుకుంది. "నాయనమ్మని లేపి పంపించు" అని ఇద్దరూ మెట్లు దిగారు.

"రెండు, మూడు. బుజ్జిగాడు నాలుగు" అన్నాడు ఆఫీసరు. పిన్ని వైపు చూసి, "లెక్క బాగా చెప్పావమ్మా" అని కూడా అన్నాడు. పిన్నికి ఏమీ అర్థం కాలేదు.

"మా అత్తగారు మెట్లు దిగలేరండీ" అంది అమ్మ.

"మేం ఎత్తుకొస్తాం. మీరు ఆగకండి, వెనక్కి చూడకండి!"

నాయనమ్మ మంచం మీద కూర్చుని కట్టుడు పళ్ల కోసం వెతుకుతోంది.

"పరాయి మగాళ్ల ముందుకి బోసినోటితో రమ్మంటావా?"

గుసగుస పళ్లు వెతికి ఇచ్చింది. పట్టుకుని మెట్ల దాకా నడిపించింది. అక్కడ నాయనమ్మ ఆగి, మనవరాలి చెవి దగ్గరికి వంగింది.

"బీరువా వెనక నా స్టవ్వు వెలుగుతోందే. టీ పెట్టుకున్నా. మీ అమ్మకి చెప్పావో, చంపేస్తాను."

గుసగుస వెనక్కి పరిగెత్తింది.

నాయనమ్మ కమ్మీ పట్టుకుని నాలుగు మెట్లు దిగేసరికి, మలుపు దగ్గర ఫైర్‌మన్ ఎదురొచ్చి చంటిపిల్లలా ఎత్తుకున్నాడు. గుమ్మంలో ఆఫీసరు అడిగాడు.

"మామ్మా, పైన పొయ్యి ఏమన్నా వెలుగుతోందా?"

"పొయ్యా? మా కోడలు నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తేగా, నాయనా!"

"అయిదు!"

పైన, బీరువా వెనక, చిన్న కిరసనాయిలు స్టవ్వు మీద టీ తెర్లుతోంది. గుసగుస గిన్నె దించింది. ఒత్తులు తగ్గించే మర తిప్పింది. కదల్లేదు. ఓణీ చెంగు చుట్టి మళ్లీ తిప్పింది. మంట పెద్దదయింది. కిటికీలోంచి చూస్తే తెల్లటి పొగ పక్కింటి మెట్లెక్కుతోంది.

నాయనమ్మ మంచం మీది దుప్పటి లాగి బకెట్లో ముంచింది. నీళ్లు కారుతున్న దుప్పటిని అలాగే స్టవ్వు మీద కప్పేసింది. సుయ్యిమంది. నాలుగు వైపులా అదిమి పట్టి పది అంకెలు లెక్కపెట్టింది. మెల్లగా ఒక కొస ఎత్తి చూసింది. నీలం లేదు, ఎరుపు లేదు. ఒత్తి మీద వేలు పెట్టి చూసింది. చల్లగా ఉంది.

ఆరిపోయింది!

నవ్వొచ్చింది ఆమెకి. ఆ నవ్వుతోనే తడిచేతులు లంగాకి తుడుచుకుంటూ, మెట్లు రెండేసి చొప్పున దిగింది. మలుపు తిరిగింది.

వీధి తలుపు సగం మూసి ఉంది. ఆ సందులోంచి ఆఫీసరు వీపు కనిపిస్తోంది. రోడ్డుకి అవతలున్న తన మనిషికి చెయ్యెత్తి చూపిస్తున్నాడు. అయిదు వేళ్లు.

"అయిదుకి అయిదు! ఈ ఇల్లు ఖాళీ. ఇక ఎవరూ ఇటు రానక్కర్లేదు!"

"ఆగండి" అంది ఆమె. ఆ మాట పెదాల దాకా వచ్చింది.

గుసగుస తన చేతి వంక చూసుకుంది. నాయనమ్మ, అమ్మ, బాబాయి, పిన్ని, పిల్లాడు. వేళ్లు అయిపోయాయి.

ఆఫీసరు తలుపు మూసి, బయట గొళ్లెం పెట్టాడు.