ఫొటో ఇంట్లోకి రాకూడదు

"డౌన్‌లోడ్ మాత్రం చెయ్యకండి," అంది ప్రసూనాంబ.

మౌసు మీద చెయ్యి వేసిన అనంతరామయ్య ఠక్కున ఆగిపోయాడు. నందిగామలో వాళ్ల హాల్లో, కంప్యూటర్ తెర మీద ఒక ఫోల్డర్ తెరిచి ఉంది. జగ్గయ్యపేట సంబంధం. అమ్మాయి పేరు రాగసుధ. పెళ్లిళ్లు కుదిర్చే వరప్రసాదరావు గారు లింకు పంపారని కొడుకు దత్తాత్రేయ పొద్దున్నే చెప్పాడు.

"ఆడపిల్ల ఫొటో ఇంట్లోకి తీసుకున్నామంటే సగం మాట ఇచ్చినట్టేనండీ. తర్వాత వద్దని తిప్పి పంపితే ఆ పిల్ల మనసు ఎంత నొచ్చుకుంటుంది! అక్కడే ఉంచి చూద్దాం."

"ఇదేమన్నా కవర్లో వచ్చిన ఫొటోనా?" అన్నాడాయన.

"ఏదైతేనేం, ఇంట్లోకి రావడం రావడమే."

"అమ్మ చెప్పిందే కరెక్టు నాన్నా," అన్నాడు దత్తాత్రేయ వెంటనే. "దాని మీద క్లిక్ చెయ్యి, అక్కడే పెద్దదై కనబడుతుంది. మన కంప్యూటర్లోకి ఏమీ దిగదు. అసలు డౌన్‌లోడ్ కాకుండా వాళ్లే తాళం వేశార్ట."

తల్లి మాటకు కొడుకు ఇంత తొందరగా తలూపడం ఆ ఇంట్లో అరుదు. అనంతరామయ్యకు కారణం తెలీదు. మనకు తెలిస్తే నష్టం లేదు.

దత్తాత్రేయ రోజూ జగ్గయ్యపేట వెళ్లి అక్కడి కాలేజీలో లెక్కలు చెబుతాడు. రాగసుధ అదే కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. రెండేళ్లుగా ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ ప్రసూనాంబకు ఒక పట్టుదల ఉంది. కోడల్ని తనే చూసి తెచ్చుకోవాలి. కొడుకు చూసుకున్న పిల్ల ఎంత బంగారమైనా గడప తొక్కనివ్వనని చుట్టాలందరి ముందూ చెప్పేసింది. అందుకే దత్తాత్రేయ వరప్రసాదరావు గారిని కాళ్లావేళ్లా పడి ఒప్పించి, ఆయన పేరు వాడుకుని, ఆ ఫోల్డర్ తనే తయారుచేశాడు.

డౌన్‌లోడ్‌కి తాళం వేసిందీ అతనే. ఒక్క ఫొటో తల్లి చేతికి చిక్కిందంటే చాలు, జి.కొండూరు పిన్నికి వెళుతుంది. అక్కణ్ణుంచి ఊరూరా ఫోన్లకెక్కుతుంది. జగ్గయ్యపేట బస్టాండులో తామిద్దరినీ కలిపి చూసినవాళ్లు ఒక్కరు గుర్తుపట్టినా పెళ్లి ఆశ వదులుకోవాల్సిందే.

ప్రసూనాంబ కళ్లజోడు పెట్టుకుని తెరకు ముక్కు ఆనించింది. ఈ మూల నుంచి ఆ మూలదాకా తీరిగ్గా చూసింది. ఎందుకో ఒకసారి కొడుకు వంకా చూసింది.

"పిల్ల బాగానే ఉంది. ఎదురుగా అయితే ఎవరైనా బాగానే ఉంటారులే. జడ కనబడేట్టు ఒకటి పెట్టమను."

దత్తాత్రేయ వరండాలోకి వెళ్లి, వరప్రసాదరావు గారితో మాట్లాడుతున్నట్టు గట్టిగా మాట్లాడి వచ్చాడు. మర్నాటికల్లా జడ ఫొటో ప్రత్యక్షం.

"జడ పర్వాలేదు. పట్టుచీర కడితే ఎలా ఉంటుందో?"

పట్టుచీర వచ్చింది. ఎర్రది కాదు, ఆకుపచ్చది చూడాలంది. అదీ వచ్చింది. నవ్వకుండా ఉంటే ఎలా ఉంటుందో చూడాలంది. ఆ ఫొటో మాత్రం తేలిగ్గానే కుదిరింది. అప్పటికి రాగసుధ మొహాన నవ్వు మిగల్లేదు.

"మీ అమ్మగారికి కోడలు కావాలా, క్యాలెండర్ కావాలా?" అని ఫోన్లోనే నిలదీసింది.

"ఇంకొక్కటి, ప్లీజ్. నాకోసం."

ఆ ఇంకొక్కటి ఆవకాయ. పిల్ల ఆవకాయ కలుపుతుండగా చూడాలంది ప్రసూనాంబ. పచ్చిమిరపకాయ కోస్తేనే చేతులు మంటలని గోల పెట్టే రాగసుధ, వేసవి సెలవుల్లో మామిడికాయలు కొట్టించుకుని, తుమ్ముతూ, తుడుచుకోకూడని చేత్తోనే కళ్లు తుడుచుకుంటూ, మోచేతిదాకా కారంతో ఫొటో దిగింది.

ఆ ఫొటో తెర మీద పెద్దది చేయించుకుని ప్రసూనాంబ చాలాసేపు చూసింది. కందిపోయిన ముక్కు. నీళ్లు నిండిన కళ్లు. అయినా సరే, మొండిగా కెమెరా వైపే చూపు.

దత్తాత్రేయ పేపరు చాటు నుంచి తల్లి మొహమే చూస్తున్నాడు. రాగసుధకు వాళ్లింట్లో వేరే సంబంధాలు చూస్తున్నారు. ఇదీ నచ్చలేదంటే ఇక ఆమెకు మొహం చూపించలేడు.

"ఏమండీ," అంది ప్రసూనాంబ నెమ్మదిగా. "డౌన్‌లోడ్ చెయ్యండి."

దత్తాత్రేయ ఎగిరి గంతెయ్యబోయి తమాయించుకున్నాడు. తనకేమీ పట్టనట్టు పేపరు తిరగేశాడు. కన్నతల్లిని ఇంత తేలిగ్గా బుట్టలో వేసుకున్నందుకు అతనికి కాస్త జాలి కూడా వేసింది.

అనంతరామయ్య నొక్కాడు. మళ్లీ నొక్కాడు. "కావట్లేదే. ఓనరు పర్మిషన్ కావాలంటోంది."

"ఉండండి, వరప్రసాదరావు గారికి ఫోన్ చేసి వస్తా," అంటూ దత్తాత్రేయ వరండాలోకి పరుగెత్తబోయాడు.

"పాపం, ఆయన్నెందుకురా ఇబ్బంది పెట్టడం," అంది ప్రసూనాంబ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "మొదటిరోజు నుంచీ ఆ ఫోల్డర్ పక్కన ఓనరని కనబడుతున్నది నీ పేరేగా, ఆ పర్మిషనేదో నువ్వే ఇచ్చెయ్యి నాయనా!"