మొగులయ్య గొంగడి

లచ్చి కాలు విసిరింది. ఇత్తడి చెంబు ఎగిరి కొట్టం గోడకు తగిలింది. మొగులయ్య కాకీ ప్యాంటు మోకాళ్ల దాకా పేడనీళ్లు చిందాయి.

“నన్నే మరిచినవా? దుడ్డెప్పటి సంది సాదింది నేనే గద.”

లచ్చి ముట్టె చాపి అతని భుజం వాసన చూసింది. బస్రా సబ్బు వాసన నచ్చలేదేమో, బుస్సుమని మొఖం తిప్పుకుంది. పరదేశం పోకముందు అతను కూర్చుంటే తప్ప ఇంకెవరికీ చేపని బర్రె అది. నాలుగేళ్ల తర్వాత అతను నిన్న పొద్దుగూకినాకే ఛత్రినాకలో ఇల్లు చేరాడు.

ఎదురింట్లో కొత్తగా దిగిన బీరయ్య పాలకోసం గిన్నె పట్టుకొని వచ్చాడు.

“ఎవరన్నా నువ్వు? కొత్త జీతగానివా?”

“ఈ ఇల్లు నాదే. బస్రా రేవుల పనిచేసి వచ్చిన.”

“అబ్బో. ఎట్లుంటదే ఆడ?”

“మొదలు మస్తు తిప్పలైంది. ధోతి మీద పోతే గేటుకాడ సంత్రీ లోపలికి రానియ్యలే. మూడు దినాలు ఎండల నిలవెట్టిండు. నాలుగో దినం ఈ కాకీ బట్టలేసుకొని పోతే వాడే సలాం కొట్టిండు. ఆడ మొఖం ఎవ్వరు చూడరు తమ్మీ, బట్టలే చూస్తరు.”

బీరయ్య నవ్వి, కొట్టంలోకి తొంగి చూశాడు.

“మరి రోజు పిండేటాయన ఏడి? గొంగడి కప్పుకొని కూసుంటడు, గల్లీల నుంచి ఈపే కనబడుతది. ఎన్నడు మాట్లాడడు. ఆయన్నే మొగులన్న అనుకున్న.”

మొగులయ్య వెనక్కి తిరిగి చూశాడు. కొయ్యకు తన నల్ల గొంగడి వేలాడుతోంది. నాలుగేళ్ల దుమ్ము ఉండాలి దానిమీద. తడిమి చూస్తే అంచున పేడ మరక ఇంకా పచ్చిగానే ఉంది.

లోపల భార్య సత్తెమ్మ పొయ్యి ఊదుతోంది.

“లచ్చిని ఎవరు పిండుతుండ్రే?”

“రాంగనే బర్రె ఫికరేనా? చాయ్ తాగు ముందుగాల.”

“అడిగినదానికి చెప్పు. నా గొంగడి కప్పుకునేదెవరు?”

సత్తెమ్మ ఊదుగొట్టం పక్కన పెట్టింది.

“ఆయన లేకుంటే లచ్చి ఎన్నడో ఒట్టిపోతుండె. ఆయనకు తప్ప చేపదు. ఈ పొయ్యి మండుతుందంటే ఆయన పుణ్యమే.”

మూలకున్న ఇనుప పెట్టెకు కట్టిన తాడు ఇంకా విప్పలేదు. రేవు మేస్త్రీ మళ్లీ రమ్మన్నాడు. ఇక పోనని, ఇంటిపట్టునే ఉంటానని దారంతా అనుకుంటూ వచ్చాడు మొగులయ్య.

“ఆ పెట్టె విప్పకు,” అన్నాడు. “ఇయ్యాల్టి బొంబాయి బండికే మళ్ల పోత.”

కొట్టంలో లచ్చి అరిచింది. సత్తెమ్మ లేచి కొట్టంలోకి వచ్చి, దొర్లిన చెంబు కడిగి పట్టుకుంది. మొగులయ్య వెనకే వచ్చి దారికి అడ్డం నిలబడ్డాడు.

“పోయేముందు వాని మొఖం చూడాలె నేను. పిలువు. ఎవడు వాడు?”

సత్తెమ్మ అతని పక్కనుంచి చెయ్యి చాపి కొయ్య మీది గొంగడి అందుకుంది.

“నువ్వే,” అంటూ దాన్ని తలమీంచి కప్పుకొని లచ్చి పొదుగు కింద కూర్చుంది. లచ్చి గొంగడి వాసన చూసి చేపింది.