చిక్కుడు కుండీ

కాపురానికొచ్చిన వారానికే హిమజ పెరట్లోని చిక్కుడు కుండీని సబ్బునీళ్లతో కడిగేసింది. ఆకులన్నీ పాలిపోయి, బూజు పట్టి ఉంటే చూడలేకపోయింది.

అత్తగారు మస్తానమ్మ గుండె బాదుకుంది. "ఎంత పని చేశావే అమ్మాయ్! అందులో ఎర్రనల్లిని పెంచుతున్నా."

"చీడని పెంచడమేంటి అత్తయ్యా?"

"మన వేటనల్లికి కూడు అదేగా! చేలో ఎర్రనల్లినంతా ఆ వేటనల్లి ఎప్పుడో తినేసింది. ఇప్పుడు ఆకలికి అదీ చస్తే, రేపు గాలికి మళ్లీ ఎర్రనల్లి వచ్చి పడ్డనాడు మిరపతోటకి దిక్కెవరు?"

చేలకి పురుగుమందు కొట్టడమే మరిచిపోయిన ఊరది. పాలల్లోకి తోడు అడిగినట్టు, హిమజ గిన్నె పట్టుకుని ఎర్రనల్లి కోసం ఇల్లిల్లూ తిరిగింది. మాకే చాలడం లేదన్నారు అందరూ. చివరికి పక్కవీధి రాహేలమ్మ తన కుండీలోంచి ఓ ఆకు తుంచి, భూతద్దం చేతికిచ్చింది.

ఆకు అడుగున ఎర్రటి చుక్కలు చకచకా పాకుతున్నాయి. హిమజ కళ్లప్పగించి చూసింది. పుట్టింట్లో తన తాత బతుకంతా వీపున డబ్బా మోసి మందు కొట్టింది ఇంత చిన్నదాని మీదా!

గిన్నె మీద కొంగు కప్పి, గాలి తగలకుండా ఇంటికి తెచ్చింది.

"బతికున్నాయా?" గుమ్మంలోనే అడిగింది మస్తానమ్మ.

హిమజ కొంగు తీసి, రాహేలమ్మ ఇచ్చిన భూతద్దంతో ఆకుని దీపం కింద తిప్పి చూసింది. మొహం విప్పారింది.

"గుడ్లు కూడా ఉన్నాయత్తయ్యా!"