బొంతల కింద రోడ్డు

"అబీ-లే, ఆ బొంత ముట్టుకోకండి! గాలి దూరితే రోడ్డు చచ్చిపోతుంది!"

యాంగ్డోల్ ముసలమ్మ బొంత కొస వదల్లేదు. "రోడ్డుకి చలేస్తే నీ బొంత కప్పు. మూడు రోజుల్నుంచీ నా మోకాళ్లు బిగుసుకుపోయాయి."

"నావి రెండూ మలుపు దగ్గర కప్పే ఉన్నాయి. నేనూ మా ఆవిడా కోట్లు తొడుక్కుని పడుకుంటున్నాం," అన్నాడు జిగ్మెత్. లేహ్‌కి ఎగువనున్న ఆ ఊళ్లో రోడ్లు వేయించే ఇంజనీరు అతను.

నిరుడు చలి ముదిరాక అతను పోయించిన కాంక్రీటు లోపలి నీళ్లు గడ్డకట్టి, మంచు కరిగేసరికి పొడైపోయింది. అప్పట్నుంచీ ఊరివాళ్లకి అతను పేలపిండి ఇంజనీరు. ఆ పేరు తనకు ఎక్కువేననుకున్నాడు జిగ్మెత్. పేలపిండిని కనీసం టీలో కలుపుకోవచ్చు. ఈసారీ రోడ్డు పోతే, ఆస్పత్రి వ్యాను మళ్లీ ఊరి బయటే ఆగిపోతుంది. గడ్డి పరుద్దామంటే అది చలికాలానికి పశువుల మేత. అందుకే మూడు రోజుల కిందట కొత్తగా పోసిన కాంక్రీటు వెచ్చగా ఉండాలని ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, బొంతలు తెచ్చి కప్పాడు.

అంతలో జీపు దిగింది పై అధికారి ఆంగ్మో. బొంతల కిందనుంచి వచ్చిన తీగ చివరనున్న వేడి కొలిచే మీటరు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"బయట మైనస్ ఎనిమిది. లోపల ముప్పై నాలుగా?"

"నిన్న పదకొండే మేడమ్. ఇవాళ పుంజుకుంది."

"సిమెంటుకి ఇంత వేడి రాదే! ఏం చేశావయ్యా?"

తనకూ తెలియదని చెప్పడానికే నోరు తెరిచాడు జిగ్మెత్. నోరు మాత్రం ఇంకోటి చెప్పింది. "అంతా పరచడంలో ఉంది మేడమ్. ఒక వరస అడ్డం, ఒక వరస నిలువు. నేను కనిపెట్టిందే."

యాంగ్డోల్ బొంత వదిలేసింది. "అయితే వీడికి బుర్ర ఉందన్నమాట!"

జిగ్మెత్ మునివేళ్ల మీద కాస్త పైకి లేచాడు.

"రేపు మీటింగులో అందరికీ నేర్పుదువుగాని. ఏదీ, ఒక్కసారి తీసి చూపించు," అంది ఆంగ్మో.

అతను చేతులు దులుపుకుని, గొంతు సవరించుకుని, బొంత పైకెత్తాడు.

తీగ కొసని పొట్ట కింద పెట్టుకుని ఐదు పిల్లలకి పాలిస్తున్న వీధికుక్క, తలుపు వెయ్యమన్నట్టు గుర్రుమంది.