కాంక్రీటులో రొయ్యలు

"కాంక్రీటు మీద అసైన్‌మెంటు రాయమంటే ఏం రాశావురా?"

స్టాఫ్ రూమ్ తలుపు మూసి మరీ అడిగారు కృష్ణకాంత్ సార్. తెనాలి పక్కనున్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో సార్ తలుపు మూశారంటే ఎవడికో మూడిందని అర్థం. ఆవేళ మూడింది పెనుమూడి డేనియల్‌కి.

"కాంక్రీటు గురించేనండి" అన్నాడు డేనియల్.

"ఇదీ కాంక్రీటేనా?" సార్ కాగితాలు తిప్పి మధ్యలో ఓచోట వేలు పెట్టారు. "సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు బాగానే ఉన్నాయి. వాటి కిందేంటి, శుభ్రంగా తెలుగులో? అరకిలో రొయ్యలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు! ఏ బిల్డింగుకి పోస్తావురా ఈ స్లాబు?"

కిటికీ అవతల నక్కిన షఫీ కిసుక్కున నవ్వాడు. స్నేహితుడంటే అలాగే ఉంటాడు మరి! డేనియల్‌కి మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. ఈ మార్కులు పడకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. సంగతి ఇంట్లో తెలిస్తే నాన్న ఆదాము వీపు విమానం మోత మోగించేస్తాడు.

"షఫీగాడు పందెం కాశాడండి. మీరు చదవరన్నాడండి. అరచేతిలో పెట్టుకుని బరువు చూసి మార్కులేస్తారన్నాడండి. సొంతంగా రాసినా అంతే, సీనియర్లది దించేసినా అంతే, ఇంక బుర్రపెట్టి రాయడం దేనికన్నాడండి. అందుకని మా నాయనమ్మ వండే రొయ్యల ఇగురు మధ్యలో ఇరికించానండి."

కిటికీ అవతల నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"అంటే నాకు చదివే ఓపిక లేదంటావు?"

"లేదండి. అంటే, ఉందండి!"

సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఒకడు రాస్తే ఇంకొకడికి అర్థమవ్వాలి. రాయడమంటే అదేరా. ఇదిగో, ఈ చివరి లైను పైకి చదువు."

"చింతపండు రసం తగినంత" చదివాడు డేనియల్.

"తగినంత అంటే ఎంత?"

"ఏమోనండి. మా నాయనమ్మ చేతి లెక్కనే పోసేస్తుందండి."

"కాంక్రీటులో నీళ్లు తగినంత అని రాస్తే బిల్డింగు నిలబడుద్దా?"

"నిలబడదండి."

"మరి ఇగురు నిలబడుద్దా? తియ్యి ఫోను. మీ నాయనమ్మకి కలుపు!"

డేనియల్‌కి ఏడుపొక్కటే తక్కువ. "ఇంట్లో చెప్పొద్దు సార్, మీ కాళ్లు పట్టుకుంటా! ఇంకెప్పుడూ ఇలా చెయ్యను సార్!"

"చెప్పడానిక్కాదురా వెధవా! చింతపండు ఎంతో కనుక్కో ముందు. వేమూరు నుంచి మా మామగారు భోజనానికొచ్చి కూర్చున్నారు. రొయ్యలు పొయ్యి మీదున్నాయి!"

డేనియల్ ఆనందం పట్టలేక ఎగిరి గంతేశాడు. "అయితే మీరు చదివారా సార్! ఒరేయ్ షఫీ, ఓడిపోయావురోయ్! సార్ మొత్తం చదివారంట!"

"ష్, అరవకు!" సార్ కిటికీ వైపోసారి, తలుపు వైపోసారి చూసి గొంతు బాగా తగ్గించారు. "నాకెక్కడ తీరుద్దిరా చదవడానికి? ఇగురు కుదిరితే నీకు పదికి పది, కుదరకపోతే సున్నా. పేపర్లు దిద్దేది మా ఆవిడ!"