గళ్ల వీపు పిల్ల

"అది కాదేమో వెర్నా," అన్నాడు మర్రే, టెలిస్కోపు మీంచి కన్ను తీయకుండా.

వెర్నా ఇప్పటికే రెండుసార్లు పొరబడింది. ఆమె ఫోను చేస్తే అంత పెద్ద బండేసుకుని వచ్చినవాళ్లు ఆమెను ఒక్క మాటా అనలేదు. అనాలా ఏం, మొహాలు చూస్తే చాలదూ? మూడోసారీ తప్పు చెబితే ఇక ఆమె పిలిస్తే ఎవరూ రారు.

ఏప్రిల్ నెల. సరస్సు మీది మంచు పలకలు పలకలుగా విడిపోతోంది. వాటి మీద వందల సీగల్స్. ముదురువైతే గుర్తుపట్టడం ఎంతసేపు? ఈడు రాని పిల్లలతోనే వస్తుంది చావు. అన్నీ ఒకే మట్టిరంగు, ఒకే కడుపున పుట్టినట్టు.

మర్రే రిటైరైన పోస్ట్‌మ్యాన్. లోర్నా అతని చెల్లెలు. ఆదివారం వస్తే చాలు, టొరంటో నుంచి పిట్టల కోసం వచ్చేస్తారు. జనవరిలో వెర్నా వాళ్ల దగ్గరికి వచ్చి, నల్లవీపు సీగల్ పిల్లను పోల్చుకోవడం నేర్పమంది. నేర్పారు: వీపు నల్లబడేది పెద్దయ్యాకే, అంతదాకా గళ్లే. ఎందుకని అడగలేదు. పిట్టలవాళ్లంతే, మనిషి సంగతి వాళ్లకెందుకు?

"తల తెల్లగా ఉంది కదా. వీపు మీద గళ్లున్నాయి. ముక్కు చూడు, గునపంలా లేదూ?" అంది వెర్నా.

"ఉందిలే. ఈ ఎండలో మామూలుదైనా అలాగే కనిపిస్తుంది. తోక చూడాలి. తెల్లతోక, చివర సన్నటి నల్లపట్టీ ఉంటే అప్పుడు ఒప్పుకుంటా."

"తోక కనిపించాలంటే లేవాలి. లేస్తే ఎగిరిపోదూ?"

"ఎక్కడికి పోతుంది?" అంది లోర్నా. "సముద్రం వదిలి ఇంత దూరం ఊరికే వచ్చిందా? ఏ జింకో మంచులో దిగబడి చచ్చి ఉంటుంది, పీనుగంటే ఈ పిట్టకు విందు. అయినా నీ పిచ్చి మా పిచ్చిని మించిపోయిందే! పెదాలు నీలం తిరిగాయి, ఈ కాఫీ తాగు తల్లీ."

వెర్నా కప్పు అందుకుంది గానీ తాగలేదు.

అంతలో ఆ సీగల్ పిల్ల లేచింది. చుట్టూ ఉన్నవన్నీ బెదిరి తప్పుకున్నాయి. నీళ్ల మీద ఒక్క చుట్టు తిరిగి, మళ్లీ అదే పలక అంచున వాలి, నీళ్లలోకి మెడ వంచింది.

"తెల్లతోక!" మర్రే కేక పెట్టాడు. "అదే, ముమ్మాటికీ అదే! ఈ సరస్సులో ఇదే మొదటిది. లోర్నా, పుస్తకం తియ్యి. వెర్నా, ముందు చూసింది నువ్వే, నీ పేరే రాస్తాం. ఇక పండగ చేసుకో!"

వెర్నా వాళ్ల వైపు చూడకుండా పోలీసులకు ఫోను చేసి, "ఈసారి పొరబడలేదు సార్, గజ ఈతగాళ్లను తీసుకుని రండి, డిసెంబరులో మంచు విరిగి మునిగిపోయిన మా అబ్బాయి ఆ పిట్ట కిందే ఉన్నాడు," అంది.